సభ్యుల పుస్తకంలో మొదటి పేజీ

దగ్గరికి జరగండి. వెనక కూర్చున్నవాళ్లు కూడా ముందుకు రండి, నా గొంతు ఈమధ్య గుమ్మం దాటడం లేదు. చేతిలో పనుంటే చేసుకుంటూనే వినండి, నేనేమీ అనుకోను. పక్కన ఎవరో ఒకరు పని చేస్తూ ఉంటేనే నాకు మాట సాగుతుంది.

పోయిన వారం ఎక్కడ ఆపాను? ఆ, ఆదివారం పొద్దున. వినని వాళ్ల కోసం నాలుగు ముక్కల్లో చెబుతాను. మా అపార్ట్‌మెంటులో ఇరవై నాలుగు ఇళ్లు. కింద స్తంభాల మధ్య కార్లూ స్కూటర్లూ నిలబెడతారు. అక్కడి నుంచి అయిదు మెట్లు ఎక్కితే మొదటి వరస ఇళ్లు, లిఫ్టు ఆ వరస దగ్గర ఆగదు. ఆ వరసలో మెట్లకు ఎడమ పక్కది దస్తావేజుల అక్క ఇల్లు. రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు రేకుల పంచలో చిన్న బల్ల వేసుకుని ఇళ్లవీ స్థలాలవీ దస్తావేజులు రాయడం ఆమె పని. నాకంటే పదిహేనేళ్లు చిన్నది. అయినా నా నోటికి అక్కా అనే వస్తుంది. మూడో తరగతితో బడి మానేసినదాన్ని, ముత్యాల్లాంటి అక్షరాలు చూస్తే వయసు గుర్తుండదు నాకు.

ఆమె భర్త గడియారాలు బాగుచేస్తాడు. రెండు వీధుల అవతల ఆయన కొట్టు. రెండేళ్ల కిందట నిచ్చెన మీద నుంచి పడ్డాడు. నడుము కింది భాగం చచ్చుబడింది. చేతులు మాత్రం చెక్కుచెదరలేదు. చక్రాల కుర్చీ కొన్నారు గానీ ఆ అయిదు మెట్ల దగ్గర ఆయన లోకం ఆగిపోయింది. ఏడాదిన్నర పాటు కిటికీలోంచి స్కూటర్లను చూస్తూ కూర్చున్నాడు. ర్యాంపు కట్టుకోనివ్వమని అక్క అసోసియేషన్‌కి రెండుసార్లు అర్జీ పెట్టింది. ఉలుకూ పలుకూ లేదు. మూడోసారి అడగలేదు. ఇటుకా సిమెంటూ తెప్పించి మెట్ల పక్కన ఏటవాలుగా కట్టించేసింది. అప్పటి నుంచి ఆర్నెల్లుగా ఆయన పొద్దున్నే తన కుర్చీ తనే తోసుకుంటూ కొట్టుకి వెళుతున్నాడు, సాయంత్రం వస్తున్నాడు.

పోయిన నెల మీటింగులో ఆ ర్యాంపు పడగొట్టాలని పదిహేను చేతులు లేచాయి. అందరికీ చెందిన జాగాలో అడగకుండా కట్టిందని అభియోగం. నేను చెబుతున్న ఆదివారం ఆ తీర్మానాన్ని ఖరారు చేసే మీటింగు. దస్తావేజుల అక్క భుజాన గుడ్డసంచితో ఆ మీటింగులోకి నడిచింది. అక్కడే ఆపాను.

మా సెక్రటరీని మేం నోటీసులాయన అంటాం. లిఫ్టులో నోటీసు, మెట్ల మీద నోటీసు, నీళ్ల మోటారు గది తలుపు మీద మూడు నోటీసులు. ఒకసారి నేను అక్కడ నిలబడి కాసేపు ఊపిరి పీల్చుకుంటుంటే నామీద కూడా ఏదో అంటిస్తాడేమోనని భయమేసింది. కానీ ఉన్నమాట చెప్పాలి. ఆయన వచ్చాకే ట్యాంకు కడిగించారు, మెట్ల దగ్గర దీపాలు వెలిగాయి. పనిమంతుడు. గోడ మీద గీత వంకరగా ఉంటే ఆయనకు అన్నం సహించదు. ఆ ర్యాంపు ఆయన కంటికి వంకర గీతలా కనబడింది, అంతే.

ఆ రోజు ఒక ప్లీడరుని కూడా వెంటబెట్టుకొచ్చాడు. ఎత్తుగా, సన్నగా ఉన్నాడు. నెత్తిన వెంట్రుకల కంటే చేతిలో కాగితాలే ఎక్కువ. స్తంభాల మధ్య ప్లాస్టిక్ కుర్చీలు నాలుగు వరసలు వేశారు. అన్నిట్లోనూ మగవాళ్లే. నేను మోటారు గది పక్కన చల్లగా ఉంటుందని కూర్చుని మనవడి చొక్కాకి బొత్తాలు కుట్టుకుంటున్నాను. మీటింగుకి వచ్చినదాన్ని కాదు, మీటింగే నా దగ్గరికి వచ్చింది.

"ముందుగా నాదొక్క సందేహం" అంది అక్క, నిలబడే.

"సందేహాలన్నీ చివర్లో" అన్నాడు నోటీసులాయన.

"ఇది చివర్లో అడిగితే మొదటికే మోసం వస్తుందండీ. పోయిన నెల చేతులెత్తినవాళ్లు ఎవరు?"

"ఎవరేమిటి? సభ్యులు."

"సభ్యుడంటే ఎవరండీ, ప్లీడరు గారూ?"

ఆయన నిబంధనల పుస్తకం తిప్పాడు. "ఇల్లు ఎవరి పేర రిజిస్టరు అయిందో వాళ్లు. ఇంటికి ఒక ఓటు. సొంతదారు రాలేకపోతే, తన బదులు ఫలానావారు వస్తారని మీటింగుకి ఒక రోజు ముందు కాగితం రాసివ్వాలి."

"అలా రాసిచ్చినవాళ్లున్నారా?"

నోటీసులాయన నవ్వాడు. "ఇంటిమనిషి వస్తుంటే కాగితం ఎందుకమ్మా! మొగుడూ పెళ్లాల మధ్య కూడా రసీదులు కావాలా?"

కుర్చీలన్నీ నవ్వాయి. నేనూ నవ్వాను, నిజం చెప్పొద్దూ. అక్క నవ్వలేదు, చిన్నబుచ్చుకోనూ లేదు. దారం కట్టిన కళ్లద్దాలు ముక్కు మీదికి దించుకుని, కాగితమేదీ చూడకుండా మొదలుపెట్టింది.

"రెండో అంతస్తు. తూర్పున మెట్లదారి. దక్షిణాన ఖాళీ జాగా. పడమట ఇంకొకరి ఇల్లు. ఉత్తరాన లిఫ్టు. ఈ హద్దుల మధ్య ఉన్న ఇల్లు ఎవరిదండీ?"

"నాదే" అన్నాడు ముందు వరసలో మందుల షాపాయన, బహుమతికి తన పేరు పిలిచినట్టు చెయ్యెత్తి.

"కాదండీ. మీ ఆవిడది."

"అంటే అదే..."

"అదే కాదండీ. రాసింది నేను. మీరు పెన్ను మూత తీసి ఆవిడ చేతికిచ్చి, ఇక్కడ పెట్టు అన్నారు. చదివి వినిపిస్తానంటే, ఆలస్యమవుతోంది, వద్దన్నారు. అయినా చదివాను. మీరు బయటికెళ్లి ఫోన్లో మాట్లాడుతున్నారు. ఆవిడ విన్నది."

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. ఆ రేకుల పంచలో దస్తావేజులు రాసేవాళ్లు డజనుమంది ఉంటారు. మిగతావాళ్లు రోజుకి నాలుగు రాస్తే ఈమె రెండే రాస్తుంది. ఎందుకంటే సంతకం పెట్టబోయే మనిషికి మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా చదివి వినిపించందే కాగితం చేతికివ్వదు. "నువ్వు కొంటున్నదేమిటో నీకు తెలియాలి తల్లీ" అంటుంది. జనం విసుక్కుంటారు, పక్క బల్లకి పోతారు. పోనీ అనుకుంటుంది. వేలి మీద సిరా మచ్చ, ముక్కు మీద కళ్లద్దాల మచ్చ, ఇరవై ఏడేళ్లుగా ఆమె కూడబెట్టుకున్న ఆస్తి అదీ. కానీ ఆమె రాసిన దస్తావేజు మీద తగవు వచ్చిందని నేనింతవరకు వినలేదు.

మా అపార్ట్‌మెంటు కట్టిన ఏడాది, ఆడవాళ్ల పేర కొంటే రిజిస్ట్రేషన్ రుసుములో తగ్గింపు ఉండేది. మగవాళ్లందరూ ఇళ్ల నుంచి పెళ్లాలనూ తల్లులనూ బండెక్కించి తీసుకెళ్లారు. సంతకాలు పెట్టించారు, తిరిగి ఇంటి దగ్గర దించారు. దించాక ఆ సంగతి మరిచిపోయారు. మేమూ మరిచిపోయాం. తెలివి ఎక్కువైతే వచ్చే పొరపాటు ఇది.

"ప్లీడరు గారూ, మీ పక్కన సభ్యుల పుస్తకం ఉంది" అంది అక్క. "సంతకాల పేజీలు కాదు. మొదటి పేజీ తియ్యండి."

పన్నెండేళ్లుగా ఎవరూ తియ్యని పేజీ. రెండు కాగితాలు అతుక్కుపోయి ఉన్నాయి. ఆయన గోటితో మెల్లగా విడదీశాడు. చదువుతూ చదువుతూ కుర్చీలో నిటారుగా అయ్యాడు. కేసు వచ్చినప్పుడు ప్లీడర్ల వెన్నుపూస అలాగే లేస్తుంది కాబోలు.

"ఇరవై నాలుగింట్లో పదహారు ఆడవారి పేరన ఉన్నాయి" అన్నాడు. "పోయిన నెల పదిహేను చేతుల్లో..." సంతకాల పేజీ పక్కన పెట్టి వేలితో లెక్క చూశాడు. "సభ్యులవి నాలుగే."

కుర్చీలు నవ్వలేదు ఈసారి.

నా చేతిలో సూది ఆగిపోయింది. "నాయనా, నాలుగో అంతస్తు, లిఫ్టు దిగగానే ఎదురుగా ఉండే ఇల్లు ఎవరి పేరన ఉందో చూడు" అన్నాను.

చూసి, నా పేరే చదివాడు.

రెండో వరసలో మా పెద్దాడు తల దించుకుని ఫోను చూసుకుంటున్నాడు. నేను కన్న పిల్లలందరిలో వాడే తెలివైనవాడు.

"ఏరా, ఇల్లు నాదా?"

"అంటే అమ్మా, టెక్నికల్‌గా..."

"టెక్నికల్‌గా అంటే నాదనా, నీదనా?"

"నీదే."

"పోయిన నెల నువ్వు చెయ్యెత్తావా?"

"ఎత్తాను."

"ఉంచమనా, పడగొట్టమనా?"

వాడు పైన పోతున్న నీళ్ల గొట్టాలను చూడసాగాడు. అత్తసొమ్ము అల్లుడు దానం చేశాడని సామెత విన్నాను గానీ, అమ్మ ఓటుని కొడుకు పన్నెండేళ్లు వాడుకున్నాడని వినడం అదే మొదలు. ఆ గడియారాలాయనే కదా, ఆగిపోయిన నా చేతిగడియారాన్ని మూడుసార్లు బతికించింది! ఆయన దారిని పడగొట్టమని నా చెయ్యి లేచిందట, నాకు తెలియకుండా!

నోటీసులాయన మాత్రం తక్కువ తిన్నాడా? ఆయన మొదటి పేజీని తనవైపు తిప్పుకుని కింది దాకా చూశాడు. చూసి, మొహం విప్పుకుని తలెత్తాడు.

"సరేనమ్మా. రూలు రూలే. మరి మీ ఇల్లు ఎవరి పేర ఉంది?"

అక్క కళ్లద్దాలు సర్దుకుంది. "మా ఆయన పేర."

"తగ్గింపు ఉండగా?"

"ఉండగానే. దస్తావేజు రాసేవాళ్లు అందులో కొనుగోలుదారు కాకూడదని మా బల్లల దగ్గర కట్టుబాటు. నా పేర కొనాలంటే పక్క బల్లాయనతో రాయించాలి. ఆయన రాత మీద నాకు నమ్మకం లేదు."

ఆ మాటకి మందుల షాపాయన కూడా పకాలున నవ్వాడు. అక్క కూడా కొంచెం నవ్వింది. తన ఇంటి కాగితం ఇంకొకరి చేతిరాతలో ఉండడం భరించలేక, ఇంటినే వదులుకున్న మనిషిని మీరెక్కడన్నా చూశారా?

"అయితే మీరు సభ్యులు కారు. ఈ మీటింగులో మీకు మాట్లాడే హక్కు లేదు. అంతేనా ప్లీడరు గారూ?" అన్నాడు నోటీసులాయన.

ప్లీడరు ఇబ్బందిగా కదిలాడు. "రూలు ప్రకారం... అంతేనండీ."

ఇంకొకరైతే ఏం చేసేవారు? అరిచేవారు. ఏడ్చేవారు. నా బదులు నువ్వు మాట్లాడు అని నా మీద పడేవారు. అక్క కళ్లద్దాలు తీసి సంచిలో పెట్టుకుంది.

"నిజమేనండీ" అంది. "ఒకళ్లకి చెప్పిన రూలు నాకూ వర్తిస్తుంది."

అని, కార్లకి హద్దుగా నేల మీద గీసిన పసుపు గీత దాటి అవతల నిలబడింది. చేతులు కట్టుకుని, మాట్లాడకుండా. కోర్టుకి వెళ్లమని అంతకుముందు రోజే నేను చెప్పాను ఆమెకి. "వెళితే గెలుస్తానేమో పిన్నీ. కానీ తీర్పు వచ్చేనాటికి ఎన్నేళ్లు పడుతుందో! అప్పటికి ఆయన చేతులు పని మరిచిపోతాయి. ఏడాదిన్నరకే వేళ్లు మొద్దుబారాయి, చూశావుగా" అంది. అదీ ఆమె భయం. ర్యాంపు పోతే ఆయన మళ్లీ ఆ కిటికీ దగ్గరికే. ఇంత తెలిసీ, నోరు మూసుకోవలసిన చోట మూసుకుంది చూడండి. డెబ్బై రెండేళ్లలో చాలామంది ధైర్యవంతుల్ని చూశాను నేను. తన వాదన తన మీదికే తిరిగినప్పుడు తల వంచిన ధైర్యం ఆ రోజే చూశాను.

నోటీసులాయన గొంతు సవరించుకున్నాడు. అంతలో చప్పుడైంది. సిమెంటు మీద రబ్బరు చక్రాల చప్పుడు.

గడియారాలాయన ర్యాంపు మీద నుంచి దిగుతున్నాడు. ఎవరూ పట్టుకోలేదు. రెండు అరచేతులతో చక్రాలను ఆపుకుంటూ, వదులుకుంటూ, నెమ్మదిగా దిగి, వరసలకి అడ్డం కాకుండా చివర ఆపుకున్నాడు. కొట్టు నుంచి తెచ్చుకున్న భూతద్దం ఇంకా నుదుటి మీదే ఉంది.

"సభ్యుణ్ణి నేనేనండీ" అన్నాడు. ఆయన మాట్లాడితేనే అరుదు. "నాకు వాదించడం రాదు. ఒక్కటే కోరుకుంటున్నా. చేతులెత్తడం వద్దు. సొంతదార్లని పిలిపించి, చీటీల మీద ఓటు పెట్టండి. ఒకళ్ల మొహం చూసి ఇంకొకళ్లు చెయ్యెత్తకూడదు, దించకూడదు."

ప్లీడరు పుస్తకంలో చూసి తలూపాడు. "సభ్యుల్లో ఒక్కరు అడిగినా చీటీలు వెయ్యాలి. ఇంకో మాట. పాత తీర్మానం చెల్లదు కాబట్టి, ర్యాంపు ఉంచాలా వద్దా అన్నదే ఇప్పుడు ప్రశ్న. ఉంచాలంటే వచ్చిన సభ్యుల్లో నాలుగింట మూడొంతులు ఒప్పుకోవాలి."

"ఆదివారం పూట ఇంట్లో పని మానుకుని ఎవరొస్తారండీ?" అన్నాడు నోటీసులాయన.

ఆ మాట అనకుండా ఉండవలసింది. నేను చొక్కా పక్కన పడేసి లేచాను. మోకాళ్లు ఎప్పుడూ అనేది అన్నాయి, పట్టించుకోలేదు. లిఫ్టెక్కి అంతస్తు అంతస్తుకీ దిగి తలుపులు కొట్టాను. "అమ్మాయ్, నీ ఇల్లు నీదేనట, కిందికి రా!" అంటే నాకు మతి పోయిందనుకున్నారు కొందరు. ఒకావిడ నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లు కూడా ఇచ్చింది. తాగి, చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను.

వచ్చారు తల్లీ. ఒకరు తడిచేతులతో, ఒకరు సగం అల్లిన జడతో, ఒకరు చంటిబిడ్డ బండి తోసుకుంటూ. బ్యాంకు మేనేజరమ్మ వచ్చింది. నలభైమంది మీద అజమాయిషీ చేసే మనిషి, ఇంటి మీటింగుకి మాత్రం వాళ్లాయన్నే పంపేది.

"ఏమండీ, ఇన్నేళ్లూ నా ఓటు మీరేస్తున్నారా?"

"నువ్వు బిజీగా ఉంటావని..."

"ఊళ్లోవాళ్లందరి సంతకాలూ సరిపోయాయో లేదో చూసేంత తీరిక ఉంది కదండీ నాకు! లేవండి, అది నా కుర్చీ."

మగవాళ్లు ఒక్కొక్కరే లేచి గోడ పక్కకి చేరారు. కుర్చీల్లో ఆడవాళ్లు కూర్చున్నారు. మా పెద్దాడు వాడి కుర్చీ తుడిచి మరీ ఇచ్చాడు నాకు. అందరికంటే చివర నోటీసులాయన భార్య వచ్చింది. నోట్లో నాలుక లేని మనిషి అంటారే, అలాంటిది. పన్నెండేళ్లలో ఆమె నాతో మాట్లాడిన మాటలు రెండు చేతుల వేళ్లకి సరిపోతాయి. మొగుడి వైపు చూడకుండా చివరి కుర్చీలో కూర్చుంది.

లెక్క చూస్తే మగా ఆడా కలిసి ఇరవైమంది సొంతదార్లు. ఉంచాలంటే పదిహేను చీటీలు కావాలి.

నోటీసులాయన తన మాట తను చెప్పాడు. బాగానే చెప్పాడు. "ఆయన మీద నాకేం కోపం లేదు. కానీ అడక్కుండా కట్టడం తప్పా, కాదా? ఇవాళ ర్యాంపు. రేపు ఒకరు గది కడతారు, ఎల్లుండి ఇంకొకరు గోడ జరుపుతారు. అప్పుడు నేనే మొహం పెట్టుకుని వద్దంటాను?"

అందరూ పసుపు గీత వైపు చూశారు. అక్క పెదవి కదపలేదు. గడియారాలాయనే చెప్పాడు.

"తప్పేనండీ. రెండుసార్లు అడిగి, మూడోసారి దాకా ఆగలేకపోవడం మా తప్పే."

"అడిగారా?" అంది చంటిబిడ్డ తల్లి. "మరి ఆ అర్జీలు ఏమయ్యాయి?"

ప్లీడరు అసోసియేషన్ ఫైలు తిరగేశాడు. రెండూ అందులోనే ఉన్నాయి, ఒకదాని కింద ఒకటి, మడత నలగకుండా. ఏ మీటింగులోనూ చదవలేదు.

"పని ఒత్తిడిలో..." అన్నాడు నోటీసులాయన. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అబద్ధం చెప్పడం కూడా సరిగ్గా రాదు పాపం.

చీటీలు పంచారు. ఉంచాలంటే నిలువు గీత, వద్దంటే అడ్డ గీత. సంతకం తప్ప ఇంకేదీ రాయను కదా, గీత ఎటు పోతుందో అని భయం. నిలువుగా గీశాను. కాగితం చిరిగినంత పని అయింది. చొక్కా బొత్తాలు పోసుకున్న డబ్బా ఖాళీ చేసి ఇచ్చాను, అందులోనే వేశారు.

ప్లీడరు ఒక్కో చీటీ విప్పి అందరికీ చూపించి బల్ల మీద రెండు కుప్పలుగా పెట్టాడు. పది దాకా అన్నీ నిలువు గీతలే. పదమూడు. ఒక అడ్డ గీత. ఇంకో అడ్డ గీత. పద్నాలుగు. చంటిబిడ్డ ఎందుకో కిలకిలమంది. మరో రెండు అడ్డ గీతలు పడ్డాయి. నేను కళ్లు మూసుకున్నాను. "పదిహేను" అన్నాడు. ఆఖరిది కూడా విప్పి, "పదహారు" అన్నాడు.

గడియారాలాయన నుదుటి మీద నుంచి భూతద్దం తీసి చొక్కా అంచుతో తుడిచాడు. చాలాసేపు తుడిచాడు. అక్క గీత అవతలే నిలబడి ఉంది. ఓటు అయిపోయింది, ఇక లోపలికి రావచ్చు కదా! మీటింగు ముగిసిందని ఎవరూ ఇంకా అనలేదు. అందుకని రాలేదు. మనిషంటే అలా ఉండాలమ్మా.

అప్పుడే గేటు దగ్గర ట్రాలీ ఆటో ఆగింది.

ముగ్గురు దిగారు. ఇద్దరి భుజాల మీద గడ్డపారలు. ముందున్న మేస్త్రి చేతిలో మడిచిన కాగితం. తిన్నగా మెట్ల దాకా వచ్చి, ర్యాంపుని కాలితో తట్టి చూశాడు.

"గట్టిగానే కట్టారు. పర్లేదు, మధ్యాహ్నానికి అయిపోద్ది" అన్నాడు. ఇన్ని మొహాలు తనవైపు తిరగడం చూసి తగ్గాడు. "ఇయ్యాళ రమ్మన్నారు కదండీ? ఇక్కడ ఓనరెవరు?"

ఒక్కరికీ తెలియదు వీళ్లు వస్తున్నట్టు. నోటీసులాయన గబగబా ముందుకి వచ్చాడు. "వద్దు, వద్దు, వెళ్లిపోండి. తర్వాత మాట్లాడతాను."

"అట్లా అంటే ఎట్లా సార్! ఓనరే సంతకం పెట్టి ఇచ్చారు కదా. మున్సిపాలిటీ వాళ్లు ఈ బిల్డింగులో ఎవరో ఒక ఓనరు సంతకం లేందే పడగొట్టడానికి పర్మిషన్ ఇవ్వరు. ఇదిగోండి." కాగితం విప్పి, అక్షరాలు కూడబలుక్కుంటూ పేరు చదివాడు.

నోటీసులాయన భార్య పేరు.

చివరి కుర్చీ చప్పుడైంది. ఆమె లేచింది. కుర్చీల మధ్య నుంచి నడుచుకుంటూ వచ్చి మేస్త్రి ముందు నిలబడింది.

"ఓనరుని నేనే. ఇలా ఇవ్వు బాబూ."

కాగితం దగ్గరగా పెట్టుకుని చూసింది. దూరంగా పెట్టుకుని చూసింది. గీత అవతల ఉన్న అక్క దగ్గరికి వెళ్లి చూపించింది. దస్తావేజుల అక్క ఇరవై ఏడేళ్లుగా చేతిరాతలు చూసే మనిషి. ఒక్కసారి చూసి తలొంచుకుంది.

"పేరు నాదే" అంది ఆమె, మొగుడి వైపు తిరిగి. "చెయ్యి నాది కాదు."

నోటీసులాయన గొంతు ఆయనకే వినబడనంత చిన్నదైంది. "ఎప్పుడూ నేనే పెడతాగా... నిన్నెందుకు ఇబ్బంది పెట్టడమని..."

"అంటే ఇల్లు ఎవరిదో మీకు ముందు నుంచీ తెలుసు."

గడ్డపారలు పట్టుకున్న ఇద్దరూ వాటిని మెల్లగా నేల మీదికి దించారు.

ఆమె కాగితాన్ని ఉన్న మడత మీదే మళ్లీ మడిచింది. కొంగున ముడేసుకుంది. ఆ తర్వాత అడిగింది.

"ఎప్పుడూ అన్నారు కదా. ఇంకా వేటి మీద పెట్టారు?"

ఊపిరి తీసుకోనివ్వండి నన్ను. ఈ ముక్క చెప్పినప్పుడల్లా నాకు ఆయాసం వస్తుంది. మీరంతా ఇది గుర్తుపెట్టుకోండి. ఇక్కడికి రాలేకపోయినవాళ్లకి, పక్కింటి కోడలికి, ఎదురింటి అత్తకి నోటితోనే చెప్పండి. కానీ చెప్పేటప్పుడు ఆమె అరిచిందని మాత్రం చెప్పకండి. ఆమె ఆ మాట చాలా మెల్లగా అడిగింది. స్తంభాల మధ్య మేం నలభైమందిమి ఉన్నాం, అందరికీ వినబడింది.